వస్తువు మారినా గుణం ఉండాలి: ఆటిజం గల పసిపిల్లల ఆటలో రసాయన శాస్త్రం

మన ఐసెలిన్ ఓక్ ట్రీ రోడ్డు కిరాణా దుకాణాలలో శనివారం సాయంత్రం రద్దీ ఎలా ఉంటుందో ఈ సంచిక పాఠకులలో చాలామందికి అనుభవమే. నాలుగేళ్ళ క్రితం అటువంటి ఒక సాయంత్రం, అప్పటికి మూడున్నరేళ్ళ వయస్సు గల మా అబ్బాయి చిక్కుడుకాయలు పోసిన తొట్టిలో రెండు చేతులూ మోచేతుల వరకు దూర్చి, కళ్ళు మూసుకొని, కదలకుండా నిలబడిపోయాడు. వెనుకవారికి అడ్డమని నేను వాడి చేతులు బయటకు లాగగానే నేల మీద పడి ఏడవసాగాడు. చుట్టూ ఉన్నవారి చూపులు భరించలేక, సరుకులు అక్కడే వదలి, వాడిని ఎత్తుకొని కారు దగ్గరకు పరుగెత్తాను. వాడికి ఆటిజం ఉన్నదని వైద్యులు నిర్ధారించి అప్పటికి రెండు నెలలైనది. ఆ తొట్టిలో వాడికి ఏమి దొరికిందన్న ప్రశ్న ఆనాడు నాకు తోచలేదు. తరువాత ఆ ప్రశ్నకు సమాధానం వెతుకుతూ నేర్చుకొన్న సంగతులను తోటి తల్లిదండ్రులతో పంచుకోవడమే ఈ వ్యాసం ఉద్దేశం.

నేను వైద్యురాలిని కాను. పాలిమర్ల మీద పరిశోధన చేసే రసాయన శాస్త్రజ్ఞురాలిని. కనుక చికిత్స జోలికి పోను. పిల్లల చేతికి మనం అందించే పదార్థాలను గురించి మాత్రమే చెబుతాను.

ఆటిజం, ఇంద్రియాలు

ఆటిజంను తెలుగులో స్వలీనత అని కూడా వ్యవహరిస్తున్నారు. 1943లో బాల్టిమోర్‌లోని జాన్స్ హాప్‌కిన్స్‌కు చెందిన లియో కానర్ అనే వైద్యుడు పదకొండు మంది పిల్లల లక్షణాలను వివరిస్తూ ప్రచురించిన వ్యాసంతో ఈ పేరు వైద్యలోకంలో స్థిరపడింది. అమెరికా వ్యాధి నియంత్రణ కేంద్రం 2022లో 16 ప్రాంతాలలో ఎనిమిదేళ్ళ పిల్లలను పరిశీలించి, ప్రతి 31 మందిలో ఒకరికి ఆటిజం ఉన్నట్లు 2025లో ప్రకటించింది. ఆ ప్రాంతాలలో మన న్యూజెర్సీ కూడా ఒకటి. అంటే మన సభలకు వచ్చే కుటుంబాలలో ఇది అరుదైన విషయం కాదు. అరుదుగా మాట్లాడుకొనే విషయం, అంతే.

మన పెద్దలు శబ్ద, స్పర్శ, రూప, రస, గంధాలని అయిదు విషయాలను చెప్పారు. నేటి శరీర శాస్త్రం వీటికి మరికొన్ని చేర్చింది. తల ఒరిగినదీ, శరీరం ఊగుతున్నదీ తెలిపే సమతుల్య జ్ఞానం లోపలి చెవిలో ఉన్నది. చేయి ఎక్కడున్నది, ఎంత బరువు మోస్తున్నది అనే జ్ఞానం కండరాల నుండి, కీళ్ళ నుండి మెదడుకు చేరుతుంది. ఆకలి, దాహం వంటి అంతర్గత సూచనలు ఇంకొక తరగతి. ఆటిజం గల పిల్లలలో చాలామందికి ఈ సూచనలు ఎక్కువగానో, తక్కువగానో అందుతాయి. ఒకే పిల్లవాడు మిక్సీ శబ్దానికి చెవులు మూసుకొని వణికిపోవచ్చు. అదే పిల్లవాడు మోకాలు గీరుకుపోయినా గమనించకపోవచ్చు. 2013లో వెలువడిన అమెరికా మనోవైద్యుల నిర్ధారణ గ్రంథం అయిదవ కూర్పు ఈ ఇంద్రియ భేదాన్ని ఆటిజం లక్షణాలలో ఒకటిగా చేర్చింది.

కాలిఫోర్నియాకు చెందిన ఎ. జీన్ ఎయర్స్ అనే వృత్తి చికిత్సా నిపుణురాలు 1972లో ఒక గ్రంథం ద్వారా ఇంద్రియ సమన్వయ సిద్ధాంతాన్ని విస్తృతంగా ప్రతిపాదించారు. మట్టి, నీరు, ఇసుక, నురుగు వంటి వాటితో పిల్లలను ఆడించే ‘సెన్సరీ ప్లే’కు నేడు ఉన్న ప్రచారంలో ఆ ఆలోచన ప్రభావం ఎంతో ఉన్నది. అయితే ఈ చికిత్సల ప్రయోజనానికి ఆధారాలు పరిమితమని అమెరికా శిశువైద్యుల అకాడమీ 2012లోనే హెచ్చరించింది. కాబట్టి ఆటను ఔషధంగా భావించరాదు. పిల్లవాడికి కొంత హాయి, మనతో కలిసి గడిపే కొంత సమయం దొరికితే ఆట తన పని తాను చేసినట్లే.

మేము చేసిన పొరపాటు

దుకాణంలో ఆ సంఘటన జరిగిన తరువాత ఇంట్లో ఆడించడానికి ఒక జాబితా సంపాదించాను. గడ్డం గీసుకొనే నురుగు, స్లైమ్, నీటి పూసలు, రంగు ఇసుక, ఉప్పు పిండి అందులో ఉన్నాయి. ఒకే శనివారం అన్నీ కొని తెచ్చి వరుసగా వాడి ముందు పెట్టాను. నురుగు వేలికి తగలగానే వాడికి డోకు వచ్చింది. స్లైమ్‌ను మాత్రం ఇష్టంగా పట్టుకొని, నేను తల తిప్పేలోగా నోట్లో పెట్టుకొన్నాడు. వేలు పెట్టి బయటకు తీసి, విష నివారణ కేంద్రానికి ఫోను చేసి, వారు ధైర్యం చెప్పేవరకు నా చేతులు వణుకుతూనే ఉన్నాయి. ప్రయోగశాలలో ఏ సీసా మూత తీయాలన్నా ముందుగా దాని భద్రతా పత్రం చదివే నేను, ఇంట్లో కన్నబిడ్డ చేతికి ఏమి ఇస్తున్నానో చదవలేదు.

ఆ రాత్రి జాబితాను మళ్ళీ తీసి, ప్రతి వస్తువు ఎదుటా దాని గుణం రాశాను: సాగడం, జారడం, నలగడం, రాలడం, చల్లదనం, బరువు. పిల్లవాడు కోరుతున్నది వస్తువును కాదు, ఆ గుణాన్ని. పదార్థ శాస్త్రంలో మేము ప్రతిరోజూ చేసే పనే ఇది. ఒక పాలిమర్ హానికరమని తేలితే, అదే గుణం గల మరొకదానిని వెతుకుతాము. ఇంట్లోనూ అలాగే చేయవచ్చు.

నురుగు

గడ్డం నురుగులో స్టియరిక్ ఆమ్లం, ట్రైఇథనోలమీన్ కలిసి ఏర్పడిన సబ్బు, ఐసోబ్యుటేన్ వంటి వాయువు, పరిమళ ద్రవ్యాలు ఉంటాయి. అది కళ్ళకు, నోటికి తగినది కాదు. దానికి బదులుగా కాబూలీ శనగలు ఉడికించిన నీటిని చల్లార్చి, గుడ్లు గిలకొట్టే యంత్రంతో పది నిమిషాలు గిలకొడితే తెల్లని, గట్టి నురుగు వస్తుంది. ఆ నీటిలోకి దిగిన ప్రోటీన్లు, సాపోనిన్లు గాలి బుడగల చుట్టూ పొరగా ఏర్పడి వాటిని నిలబెడతాయి. సాపోనిన్లు మనకు కొత్తవి కావు. కుంకుడుకాయ నురుగుకు కారణం అవే. అయితే కుంకుడు రసం కంటిలో పడితే ఏమవుతుందో ఆదివారం తలంటి పోసుకొన్న తెలుగు పిల్లలందరికీ తెలుసు గనుక ఆ నురుగు జోలికి పోవద్దు.

జిగురు, సాగుడు

స్లైమ్ తయారీలో తెల్ల జిగురులోని పొడవాటి పాలీవినైల్ గొలుసులను బోరేట్ అయాన్లు అక్కడక్కడా ముడివేస్తాయి. ఆ ముడులు నిరంతరం వీడుతూ, పడుతూ ఉంటాయి. అందువల్లనే అది మెల్లగా లాగితే సాగుతుంది, చటుక్కున లాగితే తెగుతుంది. బోరాక్స్‌ను యూరోపియన్ సమాఖ్య ప్రత్యుత్పత్తికి హాని చేయగల పదార్థాల వర్గంలో చేర్చింది. బోరాక్స్ లేదని చెప్పే అనేక పద్ధతులలో కాంటాక్ట్ లెన్సుల ద్రావణం వాడతారు. ఆ ద్రావణంలోనూ బోరిక్ ఆమ్లమో, బోరేట్ లవణమో ఉంటుంది. పేరు మారిందే గాని రసాయనం మారలేదు.

నోట్లో పెట్టుకొనే పిల్లలకు ఇసబ్గోలు మేలు. ఒక చెంచా ఇసబ్గోలు పొడిని ఒక కప్పు నీటిలో కలిపి, చిక్కబడే వరకు కాచి, పూర్తిగా చల్లార్చితే సాగే ముద్ద తయారవుతుంది. ఇందులో ముడివేసే రసాయనం లేదు. గింజ పొట్టులోని జిగురు నీటిని పీల్చుకొని ఉబ్బుతుంది. పొడి రూపంలో మాత్రం ఇసబ్గోలును పిల్లల దగ్గర ఉంచరాదు. సరిపడినంత నీరు లేకుండా మింగితే గొంతులోనే ఉబ్బి అడ్డుపడుతుంది. దీనికంటే సులభమైనది మన మినప్పిండి. రుబ్బిన పిండికి ఆ జారుడును, తేలికదనాన్ని ఇచ్చేవి మినుములలోని జిగురు, ప్రోటీన్లే. పచ్చిపిండి తినదగినది కాదు గనుక నోట్లో పెట్టుకొనే పిల్లవాడికి దానిని జిప్ సంచిలో పోసి, మూతకు టేపు వేసి, పైనుండి నొక్కనివ్వాలి.

నీటి పూసలు

అన్నిటికంటే ముఖ్యమైన హెచ్చరిక ఇది. రంగురంగుల నీటి పూసలు పాలీయాక్రిలేట్ జాతి పాలిమర్లతో చేసినవి. పసిపిల్లల డైపర్లలో నీటిని పీల్చే పదార్థానికి ఇవి దగ్గరి బంధువులు. ఆవగింజంత పూస నీటిలో నానితే గోళీ అంత అవుతుంది. మింగితే పేగులో కూడా అలాగే ఉబ్బి దారిని మూసివేయగలదు. ఎక్స్‌రేలో సాధారణంగా కనబడదు. పిల్లల మరణాలు కూడా నమోదైన కారణంగా, 2023 డిసెంబరులో ఈ దేశపు పెద్ద వ్యాపార సంస్థలు కొన్ని వీటిని పిల్లల వస్తువులుగా అమ్మడం మానుకొంటామని ప్రకటించాయి. ఇంట్లో ఉంటే పారవేయండి.

వాటికి బదులు మనకు సగ్గుబియ్యం ఉన్నది. గోదావరి జిల్లాల మెట్ట ప్రాంతంలో కర్రపెండలం దుంప పిండితో చేసే ఈ గింజలు సుమారు 60 నుండి 70 డిగ్రీల సెల్సియస్ వద్ద నీటిని పీల్చుకొని పారదర్శకంగా మారతాయి. సన్నరకం ఎంచుకొని, మధ్యలో తెల్లచుక్క లేకుండా మెత్తగా ఉడికించి, చల్లని నీటిలో వేసి ఇస్తే వేళ్ళ మధ్య అదే జారుడు అనుభవం కలుగుతుంది. మింగినా జీర్ణమవుతుంది. పూర్తిగా నానిన సబ్జా గింజలూ పనికివస్తాయి. ఆట ముగిసిన వెంటనే పారబోయండి. తడి పిండిపదార్థంలో సూక్ష్మజీవులు త్వరగా పెరుగుతాయి.

ముద్ద, ఇసుక

పిల్లల రంగు ముద్దగా పేరుపొందిన ప్లే-డో మొదట సిన్సినాటిలో గోడ కాగితాల మీద బొగ్గు మసిని తుడవడానికి తయారైన పదార్థం. 1956లో ఆటవస్తువుగా మార్కెట్లోకి వచ్చింది. అందులో గోధుమ ఉన్నది గనుక గోధుమ పడని పిల్లలకు ఇవ్వరాదు. ఇంట్లో చేసే ఉప్పు పిండిలో కప్పు పిండికి అరకప్పు ఉప్పు వేస్తారు. పిల్లవాడు దానిని ముద్దలుగా తింటే రక్తంలో సోడియం ప్రమాదకర స్థాయికి చేరవచ్చు. పచ్చి గోధుమపిండిలో కూడా హానికర బాక్టీరియా ఉండవచ్చునని 2016లో ఈ దేశంలో వ్యాపించిన ఇ.కోలై వ్యాధి గుర్తుచేసింది. ఉండ్రాళ్ళకు చేసినట్లు మరిగే నీటిలో బియ్యప్పిండి పోసి, ఉడికించి, కొద్దిగా నూనెతో మర్దించిన ముద్దలో ఈ మూడు సమస్యలూ ఉండవు. గోరువెచ్చగా ఇస్తే మరింత హాయిగా ఉంటుంది.

ఆట ఇసుకలోని సన్నని ధూళిలో స్ఫటిక సిలికా ఉండవచ్చు. అది ఊపిరితిత్తులకు మంచిది కాదు. చేతికి అంటకుండా ముద్దకట్టే ఇసుకకు సిలికోన్ నూనె పూత ఉంటుంది. దోరగా వేయించి చల్లార్చిన బొంబాయి రవ్వలో ఎనిమిదింట ఒక వంతు వంటనూనె కలిపితే పిడికిట నిలిచి, వదిలితే రాలిపోయే గుణం వస్తుంది. పసిపిల్లలకు పూసే ఖనిజ నూనెను దీనికి వాడవద్దు; అది ఊపిరితిత్తులలోకి పోతే ప్రమాదం.

రంగుల విషయం

తినదగిన ముద్దలో కుంకుమ కలిపితే ఎర్రగా ఉంటుంది గదా అని కొందరికి తోచవచ్చు. రట్గర్స్ విశ్వవిద్యాలయ పరిశోధకులు 2017లో ప్రచురించిన అధ్యయనంలో 118 సింధూరం నమూనాలను పరీక్షించారు. వాటిలో 95 మన న్యూజెర్సీ దుకాణాలలోనివి, 23 భారతదేశంలోనివి. సుమారు 80 శాతం నమూనాలలో గ్రాముకు కనీసం ఒక మైక్రోగ్రాము సీసం కనబడింది. సీసం మెదడు ఎదుగుదలను దెబ్బతీస్తుంది. పిల్లలకు ఇంత వరకు హాని లేదని చెప్పదగిన హద్దు లేదు. మట్టి, సున్నం వంటివి తినే అలవాటున్న పిల్లలకు అపాయం మరింత ఎక్కువ. అందుచేత రంగు కావలసివస్తే బీట్‌రూట్ రసం, ఉడికించిన పాలకూర నీరు వాడండి. న్యూజెర్సీలో ఒకటి, రెండు సంవత్సరాల వయస్సులో పిల్లలకు సీసం రక్తపరీక్ష తప్పనిసరి. ఏదంటే అది నోట్లో పెట్టుకొనే అలవాటు ఆ తరువాత కూడా కొనసాగితే, మళ్ళీ పరీక్ష చేయించమని వైద్యులను అడగండి.

గింజల విషయంలోనూ జాగ్రత్త అవసరం. గురివింద, ఆముదం గింజలు ప్రాణాంతక విషాలు. పచ్చి రాజ్మా కూడా కడుపుకు హాని. బఠాణీల వంటివి ముక్కులో, చెవిలో దూర్చుకోవచ్చు. గింజలతో ఆడేటప్పుడు పెద్దవారు పక్కనుండి లేవకూడదు.

అత్తగారి పళ్ళెం

ఆ వేసవిలో మా అత్తగారు రాజమండ్రి నుండి వచ్చారు. పెద్ద డబ్బాలో బియ్యం పోసి, గరిటెలు వేసి, నేల మీద మా వాడి ముందు పెట్టడం చూచి ఆమె మనస్సు నొచ్చుకొన్నది. “అన్నం పరబ్రహ్మ స్వరూపం అంటామే, కాళ్ళ దగ్గర పోసి ఆటలేమిటమ్మా?” అన్నారు. నేను ఇంద్రియ సమన్వయం గురించి ఉపన్యాసం ఇచ్చాను. ఆమె వినలేదు. నిజానికి ఆమె చెప్పినది నేనూ వినలేదు. రెండు రోజులు ఇంట్లో మాటలు తగ్గాయి.

మూడవ రోజు ఉదయం ఆమె పెద్ద స్టీలు పళ్ళెంలో బియ్యం పోసుకొని రాళ్ళు ఏరడానికి కూర్చున్నారు. ఇక్కడి బియ్యంలో రాళ్ళు ఉండవని ఆమెకు తెలుసు. వాడి చేతులు కడిగి, పిలవకుండా, పక్కన కొంచెం చోటు వదిలారు. కాసేపటికి వాడు వచ్చి రెండు చేతులూ పళ్ళెంలో పెట్టాడు. ఆమె వాడి చేతులను కదపలేదు. తన వేళ్ళతో చుట్టూ ఉన్న బియ్యాన్ని మెల్లగా తిప్పుతూ ఉండిపోయారు. ఆ బియ్యమే కడిగి ఆ పూట వండుకొన్నాము. అన్నానికి అపచారం జరగలేదు. వాడికి కావలసినదీ దొరికింది.

ఆ తరువాత చిక్కుడుకాయలు ఒలవడం, చపాతీ పిండి మర్దించడం, మజ్జిగ చిలకడం వరుసగా వచ్చాయి. నేను వెతికిన ప్రత్యామ్నాయాలు పదార్థాలకు మాత్రమే. ఆటకే ప్రత్యామ్నాయం పని అని ఆమె చూపించారు. ఇంటి పనిలో గుణంతో పాటు తోడు కూడా ఉన్నది. సుమారు నెల గడిచాక ఒకనాడు వాడు తాను ఒలిచిన గింజను తన గిన్నెలో వేసుకోకుండా, ఆమె ముఖం వంక చూచి, ఆమె చేతిలో పెట్టాడు. ఒక వస్తువును ఇంకొకరికి చూపడం, ఇవ్వడం అంతవరకు వాడు ఎరుగడు. బియ్యం వల్ల అలా జరిగిందని శాస్త్రజ్ఞురాలిగా నేను చెప్పలేను. అదే సమయంలో మాట నేర్పే చికిత్స జరుగుతున్నది, వయస్సూ పెరుగుతున్నది. కాని ఆ సంగతి జరిగిన చోటు మాత్రం ఆ పళ్ళెం దగ్గరే.

బరువు, ఒత్తిడి

కొందరు పిల్లలకు తడి వస్తువులేవీ గిట్టవు. వారిని బలవంతపెట్టనవసరం లేదు. గట్టి ఒత్తిడి వారికి హాయినివ్వవచ్చు. స్వయంగా ఆటిజం గల శాస్త్రజ్ఞురాలు టెంపుల్ గ్రాండిన్ యౌవనంలో తనకోసం ఒక ఒత్తిడి యంత్రాన్ని నిర్మించుకొని, దాని అనుభవాన్ని తరువాత వివరించారు. ఇంట్లో బట్టల బుట్టను తోయించడం, చిన్న పప్పు సంచి మోయించడం, పిల్లవాడు ఇష్టపడితే నూనె మర్దనా, నలుగూ ఈ కోవలోకి వస్తాయి. సమతుల్య జ్ఞానానికి ఉయ్యాల ఉండనే ఉన్నది. బరువు దుప్పట్లను మాత్రం నిపుణుల సలహా లేకుండా పసివారి మీద కప్పరాదు. తామే తొలగించుకోలేని బరువు ప్రమాదకరం.

పాటించవలసిన క్రమం

ఒకటి, ముందుగా వారం రోజులు గమనించి, పిల్లవాడు తనంతట తాను వెతుక్కొనే గుణమేదో రాసుకోండి. రెండు, ఒకసారికి ఒకే కొత్త పదార్థం, అయిదు నిమిషాలకు మించకుండా. మూడు, మొదట పొడివి, తరువాత చెమ్మగలవి, చివరకు తడివి. చేతికంటే ముందు చెంచా లేదా జిప్ సంచి. నాలుగు, చేతులు తుడుచుకోవడానికి తడిగుడ్డ వాడికి అందుబాటులో ఉండాలి. చాలునన్న సూచన వాడిదైతే అక్కడితో ఆపాలి. అయిదు, ఎలర్జీ ఉన్నదేదీ, నోట్లో పెట్టుకొంటే హాని చేసేదేదీ ఆ గదిలోనే ఉండరాదు. అమెరికాలో విష నివారణ కేంద్రం సంఖ్య 1-800-222-1222ను ఫ్రిజ్ మీద అంటించుకోండి, రాత్రింబవళ్ళు పలుకుతారు.

మూడేళ్ళ లోపు పిల్లల ఎదుగుదల విషయంలో అనుమానం ఉంటే న్యూజెర్సీ ప్రారంభ సహాయ వ్యవస్థను, మూడేళ్ళు నిండితే మీ ఊరి పాఠశాల జిల్లాను లిఖితపూర్వకంగా సంప్రదించండి. వైద్య నిర్ధారణ పూర్తయ్యేవరకు ఆగనవసరం లేదు. స్వదేశంలోని బంధువులకు సికింద్రాబాదు మనోవికాస్ నగర్‌లో 1984లో స్థాపితమైన జాతీయ సంస్థ ఉన్నది. భారతదేశపు 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం ఆటిజంను స్పష్టంగా గుర్తించింది.

చివరగా మన సంఘానికి ఒక విన్నపం. పండుగ సభలలో మైకు శబ్దానికి చెవులు మూసుకొని బయట వరండాలో తిరిగే పిల్లవాడిని, వాడి వెంట తిరిగే తల్లినో, తండ్రినో మీరు చూచే ఉంటారు. ఈ సంవత్సరం ఉగాది సభలో ఒక గదిని నిశ్శబ్దంగా ఉంచి, అక్కడ చాపలు పరిచి, ఒక పళ్ళెంలో బియ్యం, ఒక గిన్నెలో చిక్కుడుకాయలు పెట్టించగలిగితే ఆ కుటుంబాలు కూడా కార్యక్రమం పూర్తయ్యేవరకు ఉండగలుగుతాయి. ఆ పళ్ళెం తీసుకురావడానికి, ఆ గదిలో మొదటి గంట కూర్చోవడానికి మా ఇంటివారం సిద్ధంగా ఉన్నాము.